తాత పెట్టెలో సుయ్‌మనే చప్పుడు

పిల్లలూ, నిన్న తాత పాటను ఫోన్‌లో వింటూ, "అమ్మా, వెనక ఒకటే సుయ్‌మంటోంది, యాప్‌తో తీసేస్తాం" అన్నారు. ఆగండి. ఆ చప్పుడు తీయబోయి మీ అమ్మ ఏం ఘనకార్యం చేసిందో, ఇక్కడ పుణెలో పెరిగిన మీకు ఎప్పుడూ చెప్పలేదు.

మీ తాతది భూపాలపల్లి బొగ్గుబాయిలో కొలువు. ఆదివారం చర్చిలో అకార్డియన్ వాయించేవాడు. దాన్ని పెట్టె అనేవాడు. తెలంగాణ కోసం బాయి పనివాళ్లు సమ్మెకు దిగి టెంట్ వేస్తే పెట్టె అక్కడికీ వెళ్లింది. కానీ ఎదురుగా మైకు పెడితే కుడిచేతి స్వరాలే వినిపించేవి, ఎడమచేతి బేస్ ఎటో పోయేది. కొత్తగా ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసినదాన్ని, ఊరుకుంటానా? రెండు వైపులా పెట్టెలోనే చిన్న మైకులు బిగించి, వాటి సన్నటి సిగ్నల్ పెంచడానికి ప్రీయాంప్ కట్టాను. కరెంటు గుర్రుమనకుండా బ్యాటరీతో నడిపాను. బల్ల మీద పెట్టి హెడ్‌ఫోన్‌లో వింటే ఏ చప్పుడూ లేదు.

తాత తగిలించుకోగానే సుయ్‌మంది.

నా సంగతి తెలుసుగా, గ్యాస్ కట్టానో లేదో వీధి చివరి నుంచి వెనక్కొచ్చి చూసే మనిషిని. ప్రీయాంప్‌లో ఐసీ చిప్ మార్చాను. వైర్లు మార్చాను. టెంట్‌లో ట్యూబ్‌లైట్లు ఆర్పించాను. చివరికి గాలితిత్తి లీకవుతోందని తేల్చి, మడతల్లో తోలుముక్కలు అతికించాను.

"పట్టీలేసినవ్, ఇగ సూది గూడ ఎయ్యి బిడ్డా" అని తాత నవ్వాడు. నవ్వు చివర దగ్గాడు. ఆ దగ్గు నేను పట్టించుకోలేదు, నా చెవి సుయ్ మీదే ఉంది.

సమ్మె టెంట్‌లో సభ రోజు పాట అయిపోయింది. తాత తిత్తి మూసి, అది తెరుచుకోకుండా తోలుపట్టీ బిగించాడు. అయినా బజారుకు కట్టిన హార్న్ స్పీకర్లలో సుయ్ ఆగలేదు. అంటే పెట్టెది కాదు! స్టేజీ ఎక్కి, "బాపు, జర ఊపిరి పట్టు" అన్నాను. పట్టాడు. చప్పుడు ఆగింది.

"దొరికింది!" అన్నాను. అదీ హార్న్‌లలో మోగింది. ఖాయం చేసుకోవాలి కదా, ఇంకోసారి పట్టమన్నాను. ఈసారి పట్టలేకపోయాడు. దగ్గు తెర బజారంతా వినిపించింది. ముందు వరసలోని బాయి పనివాళ్లు తలలు దించుకున్నారు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. పెట్టె వీపు తాత ఛాతీకి ఆని ఉంటుందన్న సంగతి ఆ టెంట్‌లో అందరికంటే ఆఖరున నాకు తట్టింది.

దవాఖానలో, ఊపిరితిత్తుల నిండా బొగ్గు దుమ్ము అన్నారు. ఇంటికొచ్చాక ఒక పాట రికార్డు చేశాం, మీరు విన్నది అదే. మైకులు పీకేసి దూరంగా వేరేది పెట్టబోతే తాత వద్దన్నాడు.

"ఉండనీ బిడ్డా. పెట్టె రేపు ఎవలన్న వాయిస్తరు. గా సప్పుడు మాత్రం నేనే గద."

రాష్ట్రం వచ్చిన రోజును ఆయన చూడలేదు. పెట్టె చర్చిలో ఇప్పుడు వేరొకరు వాయిస్తున్నారు.

అందుకే ఆ పాటను శుభ్రం చేయకండి. మీ పిల్లలకు అలాగే ఇవ్వండి. ఆ చప్పుడేమిటని అడిగితే, మీ ముత్తాత అని చెప్పండి. ఈ కథంతా చెప్పండి. తోలుముక్కలు అతికించిన ఇంజనీరు ఎవరని అడిగితే మాత్రం జర మాట మార్చండి.