మిషన్ ఆగితే వార్త

ప్రభుత్వాలు ఎన్ని మారినా, ఆ వీధిలో వాటికి చీవాట్లు పెట్టే మనిషి మాత్రం మారలేదు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్ వేసుకుని కూర్చునే ఆవిడే ఆ మనిషి. అందరూ తీర్పులమ్మ అనేవారు. మొదట్లో చాటుగా అనుకునేవారు, తర్వాత ధైర్యం చేసి మొహం మీదే అన్నారు. ఆవిడకు కోపం రాలేదు సరికదా, తీర్పు చెప్పే దిక్కు లేకనే లోకం ఇలా తగలడిందని, ఆ పేరేదో తనకు ఇంకా ముందే పెట్టాల్సిందని అంది.

ఆవిడ తీర్పులన్నీ పేపర్లో పడ్డ వార్తల మీద. పేపరు చదివేది మాత్రం ఆవిడ కాదు, ఆవిడ భర్త. ఆయన ఊరికి నీళ్లు వదిలే పంపుహౌసులో రాత్రి డ్యూటీ చేసేవాడు. తెల్లారాక చంకలో పేపరు పెట్టుకుని ఇంటికొచ్చి, మొహం కడుక్కుని, టీ తాగి, మిషన్‌కి ఎదురుగా గోడవార వేసిన పేము కుర్చీలో కూర్చునేవాడు. పెళ్లయిన కొత్తలో ఆవిడ ఒకసారి వాపోయింది. కళ్లు ఎప్పుడూ కుట్టు మీదే ఉంటాయి, లోకంలో ఏం జరుగుతోందో తెలీకుండా చొక్కాలు కుట్టుకుంటూ పోతే తనకీ ఈ మిషన్‌కీ తేడా ఏముందని. ఆయన మర్నాడు పేపరు తెరిచి పైకి చదవడం మొదలుపెట్టాడు. ఆ చదువు ఆయన రిటైరయ్యాక కూడా ఆగలేదు.

ఆ చదువుకో పద్ధతి ఉండేది. కాలితో తొక్కే పాత మిషన్ అది, తిరుగుతున్నంతసేపూ పక్కన పిడుగు పడినా వినపడదు. అందుకని ఆవిడ కాలు ఆగినప్పుడే ఆయన చదివేవాడు. దారం తెగితే ఒక వాక్యం, గుడ్డ మలుపు తిప్పితే ఇంకో వాక్యం. కాలరు కుట్టేటప్పుడు వార్త చిన్న చిన్న ముక్కలుగా వచ్చేది. కర్టెన్ అంచు అయితే ఇక అంతే సంగతులు. “ఈ సందర్భంగా మంత్రి మాట్లాడుతూ” అన్న దగ్గర ఆయన ఆపితే, సూది ఆ చివరికి చేరేదాకా మంత్రిగారు నోరు తెరుచుకుని నిలబడాల్సిందే. వార్త పూర్తయ్యాక ఆవిడ తీర్పు చెప్పేది. చెప్పి, ఇక దీని మీద అప్పీలు లేదన్నట్టు పెడల్ మీద కాలేసేది.

ఆయన గొంతులో ఎత్తుపల్లాలు ఉండేవి కావు. హత్య అయినా చక్కెర ధర అయినా ఒకటే చదువు. ఉప్పూ కారం వేసే పని ఆవిడది. ఒక శాఖ వేసిన రోడ్డును వారం తిరక్కుండా ఇంకో శాఖ తవ్వేసిందని ఆయన చదివితే, ఈసారి రోడ్డుకి బొత్తాలు పెట్టించుకోమనండి, విప్పుకోవడానికీ వేసుకోవడానికీ సుఖం, కాజాలు కావాలంటే నేను తీసిపెడతాననేది. చంద్రుడి మీద నీళ్లున్నాయని శాస్త్రవేత్తలు కనిపెట్టారంటే, ఉంటే ఏం లాభం, వదిలేవాడు ఉండొద్దూ, మా ఆయన్ని తీసుకెళ్లండి, టైముకి వదులుతాడనేది. బ్యాంకును ముంచి పరారైన ఒక పెద్దమనిషి కోసం దేశదేశాల పోలీసులూ గాలిస్తున్నారన్న రోజున ఆవిడ కత్తెర బల్ల మీద పెట్టి మరీ చెప్పింది.

“వాడి కోట్లు కుట్టేవాడింటి ముందు కాపు కాయమనండి. ఫొటోలో ఆ పొట్ట చూశారా? దానికి రెడీమేడ్ ఎక్కడా దొరకదు. కొలతలివ్వడానికి వాడే వస్తాడు.”

సినిమావాళ్ల విడాకుల కేసుల్లో ఆవిడ ఎప్పుడూ అత్తగారి పక్షమే. ఎందుకో ఎవరికీ అంతుబట్టేది కాదు, ఆవిడ అత్తగారితో ఆవిడకు పడిందీ లేదు. జంతుప్రదర్శనశాలలో ఏనుగు ఈనిందన్న రోజున మాత్రం ఏ తీర్పూ ఇవ్వకుండా, ఆ వార్త ఇంకోసారి చదవండీ అంది. ఆయన చదివాడు. మిషన్ చాలాసేపు ఊరికే ఉంది.

కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కొలతలిచ్చి వెళ్లేవాళ్లు కాదు. గుమ్మంలో స్టూలు మీద ఒకరు, కిటికీ ఊచలు పట్టుకుని బయట ఒకరు, ఏదో పని మీద అటు పోతూ ఆగిపోయినవాళ్లు ఇద్దరు. పక్కింటి లెక్కల మాస్టారు ఒకసారి ఎన్నికల విషయంలో ఆవిడతో విభేదించాడు. ఆయన ప్యాంటు ఆలస్యమైంది. ఆ ఆలస్యానికీ ఈ అభిప్రాయానికీ సంబంధం లేదని ఆవిడ ఒట్టు పెట్టుకుని చెప్పినా, ఆయన గుమ్మంలో నిలబడి మీరన్నదే నిజమేమోనండీ అన్నాకే అది ఇస్త్రీ అయి చేతికొచ్చింది. ఆ రోజుల్లో పేపరంటే మిషన్ నూనె వాసనా, అచ్చు సిరా వాసనా కలిసిన వస్తువు. ఇప్పుడు వార్త జేబులోనే ఉండి క్షణానికోసారి కుయ్యిమంటుంది. ఎవరి వార్త వాళ్లు చదువుకుని, ఎవరి తిట్లు వాళ్లు తిట్టుకుంటున్నారు. నలుగురు కూడి ఒక్క మంత్రిని తీరిగ్గా తిట్టుకోవడంలో ఉన్న సుఖం ఈ మహానుభావులకేం తెలుసు!

ఆవిడ భర్తని మాత్రం వీధిలో అందరూ నోట్లో నాలుక లేని మనిషనేవారు. వాదన ముదిరినప్పుడు ఎవరైనా, పోనీ మీరేమంటారండీ అని ఆయన వైపు తిరిగితే, పేపరు మడతపెట్టి నవ్వి, ఆవిడ చెప్పిందిగా అనేవాడు. తర్వాత లోపలిగదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుని పడుకునేవాడు. ఇంత తెలివైన భార్య ఉన్నాక ఆయనకు వేరే అభిప్రాయం దేనికని జనం నవ్వుకునేవారు. ఆవిడకూ అందులో తప్పేమీ కనిపించలేదు. మొగుడూ పెళ్లాలది ఒకే మాట అయితే మంచిదేగా!

తర్వాత్తర్వాత రెడీమేడ్ దుకాణాలు వచ్చి కుట్టు పని తగ్గింది, టీవీలు వచ్చి గుమ్మంలో జనం తగ్గారు. మాస్టారు ఇల్లు మారిపోయాడు. ఒక్కగానొక్క కూతురు పెళ్లి చేసుకుని రెండు వీధుల అవతల కాపురం పెట్టింది. అయినా పొద్దున్నే పేపరు రావడం, ఆయన కుర్చీలో కూర్చోవడం, ఆవిడ లోకాన్ని ఉతికి ఆరేయడం మానలేదు.

ఒకరోజు ఆయన చక్కెర ధర గురించి చదువుతుంటే మాటలు ముద్దముద్దగా వచ్చాయి. సరిగ్గా చదవండీ అని ఆవిడ విసుక్కుంది. ఆయన మళ్లీ మొదటి నుంచి చదివాడు, ఈసారి ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆవిడ తలెత్తి చూస్తే ఆయన మూతి ఒక పక్కకు జారి ఉంది, పేపరు నేల మీద ఉంది.

పక్షవాతమన్నారు. కాలు కాస్త నయమై కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. చెయ్యి కూడా దారికొస్తోంది. మాట మాత్రం రాలేదు. డాక్టరమ్మ చిన్న పిల్ల, ఓపిగ్గా చెప్పింది. ఆయనకు అన్నీ అర్థమవుతాయి, మాటలు లోపలే ఉన్నాయి, రావచ్చు, రాకపోనూ వచ్చు, ఏది జరిగినా ఈ మొదటి నెలల్లోనే. మాట్లాడిస్తూ ఉండండి, జవాబు కోసం ఆగండి, ఇంట్లో చప్పుళ్లు లేకుండా చూసుకోండి.

ఆ చివరి మాటను ఆవిడ పట్టుకుంది. ఇంటికొస్తూనే మిషన్ మీద దుప్పటి కప్పేసింది. కుట్టాల్సిన గుడ్డలు ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేసింది. గది నిశ్శబ్దంగా ఉంటే, ఆ నిశ్శబ్దంలోకి ఆయన మాట దానంతటదే వస్తుందని ఆవిడ ఆశ.

ఇప్పుడు పేపరు చదవాల్సింది ఆవిడే. చదువు రాక కాదు, అలవాటు లేక ప్రతి వాక్యానికీ తడబడేది. చదివి, తీర్పు చెప్పి, ఆయన మొహం చూస్తూ కూర్చునేది. టీ చల్లారిపోయేది. ఆయన ఆవిడనే చూసేవాడు, కళ్లు ఆర్పేవాడు, అంతే. పైగా తీర్పులు కూడా మునుపటిలా రావడం లేదు. ఆయన చదువుతుంటే వార్త చెవిన పడీ పడకముందే ఒళ్లు మండేది, మాట తన్నుకుంటూ వచ్చేది. తనే చదువుకుంటే అక్షరాలు కూడబలుక్కోవడానికే ఊపిరి సరిపోతోంది, ఇక మంత్రుల మీద కోపానికి ఎక్కడ మిగులుతుంది! నెలలు గడిచే కొద్దీ ఆవిడకు భయం పట్టుకుంది. ఇక ఈ జన్మకి ఆ గొంతు వినననుకుంది. చక్కెర ధర ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఆ ఎత్తూ పల్లం లేని గొంతుతో చదివితే చాలు, ఈ దేశాన్ని ఎవరు ఎలా ఏలుకున్నా తను నోరెత్తననుకుంది.

ఒక ఆదివారం కూతురు కొత్త కర్టెన్ల గుడ్డ పట్టుకొచ్చింది. దుకాణంలో కుట్టించుకోవచ్చు, కానీ తల్లి వాలకం చూసి కావాలనే తెచ్చింది. ఇలా చేతులు ముడుచుకుని కూర్చుంటే నువ్వూ మంచం ఎక్కుతావమ్మా అని పోరింది. చప్పుడు కూడదన్నారు కదే అంటే, ఒక్కరోజుకేం కాదంది. తనే దుప్పటి తీసి, నూనె వేసి, తల్లిని మిషన్ ముందు కూర్చోబెట్టి, తండ్రికి టీ పట్టడానికి కుర్చీ పక్కన చేరింది.

గుడ్డ సర్దుకుంటూ ఆవిడ అలవాటుగా ఆనాటి పేపర్లో ఒక వార్త చదివింది. ఎక్కడో గోదాము కాపలాదారు డ్యూటీలో నిద్రపోయాడు, దొంగలు పడ్డారు, అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. చాలా రోజుల తర్వాత ఆవిడకు పాత కోపం పుట్టుకొచ్చింది.

“తీసెయ్యక సన్మానం చేస్తారా? రాత్రి డ్యూటీ అని తెలిసే కదా చేరాడు. నిద్రపోవడానికా జీతమిచ్చేది?”

అలవాటుగా కాసేపు ఆగింది. కుర్చీలోంచి ఉలుకూ లేదు పలుకూ లేదు. ఆవిడ నిట్టూర్చి పెడల్ తొక్కింది. కర్టెన్ అంచు కాస్త దూరం పోయిందో లేదో కూతురు గట్టిగా పిలిచింది.

“అమ్మా, నాన్న ఏదో అంటున్నారు.”

ఆవిడ చప్పున కాలు ఆపింది. ఆయన పెదాలు కూడా ఆగిపోయాయి. టీ గుటక వేసి ఉంటారు, నీకలా అనిపించిందిలే అంది. కూతురు ఒప్పుకోలేదు, మళ్లీ తొక్కమంది. తొక్కితే పెదాలు కదిలాయి. ఆపితే ఆగాయి.

“ఎప్పుడూ అంతేగా,” అంది కూతురు. “నువ్వు తీర్పు చెప్పేసి తొక్కడం మొదలెట్టగానే నాన్న తన మాట మెల్లిగా చెప్పుకునేవారు. నేను కుర్చీకి ఆనుకుని హోంవర్కు చేసుకునేదాన్ని కదా, రోజూ వినపడేది. నీకు తెలీదా?”

“ఇన్నేళ్లూ నాతో చెప్పలేదేమే?”

“నీకూ వినపడుతోందనుకున్నా. విని ఊరుకుంటున్నావేమో అనుకున్నా.”

ఆవిడకు ముందు కోపమే వచ్చింది. ఏమనేవారేంటి అని నిలదీసింది. కూతురు గుర్తు తెచ్చుకుని చెప్పింది. రోడ్డుకి బొత్తాలన్నప్పుడు, తవ్వకపోతే పైపులెలా మారుస్తారు అన్నారట. బ్యాంకు దొంగ గురించి, వాడి పిల్లలు బడికెలా పోతారో పాపం అన్నారట. ఏనుగు ఈనిన రోజున ఏమన్నారని ఆవిడ అడిగితే, ఆ రోజు నువ్వు మిషన్ తొక్కలేదుగా అంది కూతురు. తన తీర్పుకు అప్పీలు లేదని గర్వపడ్డ మనిషికి, ప్రతి తీర్పు మీదా అదే గదిలో అప్పీలు నడిచిందని ఇప్పుడు తెలిసింది.

ఆవిడ లేచింది. కూతుర్ని మిషన్ ముందు కూర్చోబెట్టి తొక్కమంది. కూతురికి ఆ విద్య ఏనాడూ అబ్బలేదు, చక్రం వెనక్కి తిరిగింది, దారం ఉండ చుట్టుకుంది. ఇంకోరోజైతే ఆ తొక్కుడు మీద పెద్ద తీర్పే పడేది. ఆవిడ అటు చూడను కూడా చూడలేదు. స్టూలు లాక్కుని ఆయన కుర్చీకి ఆనించి కూర్చుని, కాపలాదారు వార్త మళ్లీ చెప్పి, తన తీర్పు మాట పొల్లుపోకుండా మళ్లీ చెప్పి, చెవి ఆయన నోటి దగ్గర పెట్టింది.

మొదట ఊపిరే వచ్చింది. మిషన్ దడదడలాడుతోంది. కాసేపటికి ఆ ఊపిరిలోంచి ఒక మాట విడివడింది.

“కాదు.”

ఆవిడ చెవి ఇంకా దగ్గరికి జరిపింది.

“రాత్రంతా... కూర్చుంటే... నిద్ర వస్తుంది. అతని... తప్పు కాదు.”

అందులో నిష్ఠూరం లేదు. చక్కెర ధర చదివినట్టే చెప్పాడు. గొంతు అదే, ఎత్తూ పల్లం లేదు. ఆవిడకు సంతోషంతో ఒళ్లు జలదరించింది, అంతలోనే పంపుహౌసు గుర్తొచ్చింది. అన్నేళ్లూ రాత్రంతా పంపుల దగ్గర మేలుకుని వచ్చిన మనిషి తిన్నగా మంచం ఎక్కకుండా ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ కాలు ఎప్పుడు ఆగుతుందా అని చూస్తూ, ముక్క ముక్కగా, చివరి పేజీ దాకా చదివాడు. మధ్యమధ్యలో కళ్లు నులుముకునేవాడు. అక్షరాలు ఆనడం లేదు కాబోలని సాధించి సాధించి ఆయన చేత కళ్లజోడు కొనిపించింది ఆవిడే. పడుకోండి, పేపరెక్కడికి పోతుంది అన్న మాట ఒక్కనాడూ ఆవిడకు తట్టలేదు.

 ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

“నిద్ర వస్తుందండీ,” అంది. “రాదా మరి. ఇంకా చెప్పండి.”

ఆయన పెదాలు మళ్లీ కదలబోతున్నాయి. వెనక నుంచి కూతురు, కాళ్లు లాగేస్తున్నాయమ్మా, ఆపనా అని అడిగింది.

“ఆపకు,” అంది ఆవిడ, చెవి అక్కడి నుంచి తీయకుండానే.