అఖిలాండం ఇంటి జర్మన్ కెమెరా

పాండురంగన్ మదురై అవతలి రాజపాళయంలో ఒక నూలు మిల్లులో ఫిట్టరు. పగలంతా నూనెలో, దూది ధూళిలో బతికేవాడు. సాయంత్రం స్నానం చేసి బీరువా తలుపు తీశాడంటే ఇక వేరే లోకం. అందులో పాత జర్మన్ మడత కెమెరాలు ఉండేవి. మూసి ఉంటే నల్లతోలు అతికించిన చిన్న పెట్టెలు. బొత్తాం నొక్కితే ముందు మూత బల్లలా పడుతుంది. లెన్సును పట్టాల మీద ముందుకు లాగితే వెనకాలే తోలుతిత్తి మడతలు విప్పుకుంటూ వస్తుంది. వాటిలో ఫిల్ము చుట్ట కాదు, గాజు ప్లేటు పెట్టాలి. యాభైల చివరికొచ్చేసరికి ఆ ప్లేట్లు దొరకడమే గగనమైపోయింది. స్టూడియోలవాళ్ళు ఫిల్ముకు మారి, వీటిని అటకెక్కించారు. పాండురంగన్ మాత్రం మదురై పాతసామాన్ల అంగళ్ళు, కొండమీది ఎస్టేటు బంగళాలు గాలించి వాటిని తెచ్చుకునేవాడు. ఫోటోలు తీసింది తక్కువే. షట్టరు క్లిక్కుమని పలికితే చాలు, ముఖం వెలిగిపోయేది.

“బిడ్డను కూడా ఇంత మెత్తగా తుడిచినోళ్ళు లేరప్పా,” అని భార్య జక్కమ్మ ఎగతాళి చేసేది.

దగ్గరే ఉన్న చోళపురంలో బాలుసామి అని ఒక ఫోటోగ్రాఫరు ఉండేవాడు. కెమెరాను సైకిలుకు కట్టుకొని ఊరూరా పెళ్ళిళ్ళు, చెవులు కుట్టే వేడుకలు తీసేవాడు. గుండెనొప్పితో ఉన్నట్టుండి పోయాడు. ఆయన భార్య అఖిలాండం ఆ కెమెరాను ఎవరు అడిగినా ఇవ్వలేదు. మధ్యాహ్నం పని ముగిశాక వసారాలో కూర్చుని దాన్ని తెరిచేది. మొగుడు నేర్పినట్టే తలమీద కొంగు కప్పుకొని, వెనక గరుకుటద్దంలోకి చూసేది. వాకిలి, కోళ్ళు, దారినపోయే మనుషులు అందులో తలకిందులుగా కనిపించేవారు. పక్కనే మొగుడు నిలబడి ఉన్నట్టు ఉండేదట ఆమెకు.

సంగతి తెలిసి పాండురంగన్ చూడబోయాడు. అది బెర్గ్‌హైల్, ఆ జర్మన్ కెమెరాల్లో మేలురకం. అంత మంచి లెన్సున్నది ఆయన చేతికి ఎన్నడూ రాలేదు. తిత్తి మాత్రం ఒకచోట చిరిగి ఉంది.

“అక్కా, తిత్తి కొత్తది కట్టి తెచ్చిస్తాను. నమ్మి ఇయ్యి,” అన్నాడు.

ఆమె చిరిగిన చోటు వేలితో తడిమి, పాత చీరముక్కలో చుట్టి చేతికిచ్చింది.

అప్పుడు ఆయన మనసులో మోసం లేదు. పల్చని మేకతోలు తెచ్చి, మడత మడతా నొక్కి తిత్తి కట్టాడు. కట్టాకనే వచ్చింది చిక్కు. వెనక్కి ఇవ్వడానికి చెయ్యి రాలేదు. అఖిలాండం సంతకొచ్చినప్పుడల్లా మిల్లు గేటు దగ్గర నిలబడేది.

“తంబీ, అయినదా?”

“తోలు ఇంకా రాలేదక్కా. మదరాసులో చెప్పినాను.”

చివరికి ఒకరోజు తన బీరువాలోని ఇంకో కెమెరాను అదే చీరముక్కలో చుట్టి తీసుకెళ్ళాడు. అదే కంపెనీ, అదే నలుపు, అదే సైజు. లెన్సు మాత్రం మామూలుది. ఆమెకేం తెలుస్తుందిలే అనుకున్నాడు. ఆమె కళ్ళకద్దుకుని తీసుకుని, ఆయనకు మజ్జిగిచ్చింది. ఆ మజ్జిగ సగంలోనే పక్కన పెట్టి లేచాడు. అయినా ఇంటికొచ్చి బెర్గ్‌హైల్‌ను బీరువాలో నడుమ పెట్టుకున్నాడు.

కొన్నాళ్ళకు అఖిలాండం కూతురు కమలం అదే మిల్లులో నూలు చుట్టే రీలింగులో చేరింది. ఒకనాడు టీ వేళలో ఆయన అడిగాడు.

“అమ్మ బాగుండాదా?”

“ఏం బాగు మామా. కండ్లు పోతా ఉన్నాయని ఒకటే ఏడుపు. మదురైకి పిలుచుకొని పోయినాను. డాక్టరేమో కండ్లు బాగుండాయంటాడు. ఆ కెమెరా అద్దంలో నాయన పెన్సిలుతో గీతలు గీసినాడు, తలలు ఎక్కడ రావాలని. అవే ఇప్పుడు కండ్లకు తెలియలేదంట. గీతలే తెలియకపోతే ఇంకేమి కండ్లు అని, దాన్ని తెరవడమే విడిచిపెట్టింది.”

పాండురంగన్ చేతిలో టీ చల్లారిపోయింది. ఇంటికెళ్ళి బెర్గ్‌హైల్ తీసి గరుకుటద్దాన్ని వెలుతురుకు పట్టాడు. సన్నటి గీతలు ఉన్నాయి. ఇన్నాళ్ళూ లెన్సునే చూసుకున్నాడు గానీ అటు చూసినవాడే కాదు. దోచుకున్నది ఒక వస్తువును అనుకున్నాడు. ఆమె తన కళ్ళనే అనుమానించుకునేలా చేశాడు.

ఆదివారం చోళపురం వెళ్ళాడు. చెప్పేయాలనే వెళ్ళాడు. అఖిలాండం ఎదురొచ్చి “రా తంబీ” అనగానే ఆ మాట దాటేశాడు.

“కెమెరా ఒకసారి తుడిచి ఇస్తానక్కా,” అన్నాడు.

ఆమె కెమెరా తెచ్చి ముందు పెట్టి, మంచినీళ్ళకు లోపలికి వెళ్ళినప్పుడు, సంచిలోని బెర్గ్‌హైల్ బయటపెట్టి తన కెమెరాను సంచిలో దాచాడు. ఆమె వచ్చి, ఆయన తెరిచి చూపితే కొంగు కప్పుకొని అద్దంలోకి చూసింది. తర్వాత కొంగు తీసేసరికి చెంపలు తడిసి ఉన్నాయి.

“గీతలు తెలుస్తా ఉన్నాయి తంబీ! నా కండ్లు వచ్చేసినాయి! నీ చేయి దేవుడి చేయప్పా!”

రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ చేతుల్ని ఎక్కడ దాచుకోవాలో ఆయనకు తెలియలేదు.

ఇంటికొచ్చి జక్కమ్మకు అంతా చెప్పాడు. ఆమె పొయ్యి దగ్గర నుంచి తిరిగి చూసింది.

“ఆమెతో చెప్పినావా?”

“లేదు.”

“అట్లయితే ఇంకా ఇచ్చినట్టు కాదు.”

ఆ తర్వాత పాండురంగన్ ఇంకెవరి ఇంటికీ కెమెరా కోసం వెళ్ళలేదు. చోళపురం వెళ్ళి చెప్పడానికి ఎన్నోసార్లు బస్సెక్కాడు. అఖిలాండం ఊరందరి ముందూ “నా కండ్లు ఇచ్చినోడు” అని చూపించేది, ఈయన తల వంచుకుని తిరిగొచ్చేవాడు. అరవైఎనిమిదో సంవత్సరం వానల్లో జ్వరమొచ్చి ఆమె కన్నుమూసింది.

కర్మలు అయ్యాక కమలం కెమెరా తీసుకుని ఆయన ఇంటికొచ్చింది. “అమ్మ చెప్పి పోయినది మామా. ఇది మీకే ఇయ్యాలంట.”

“నాకొద్దు కమలం. కూర్చో.”

మొదటి నుంచి అంతా చెప్పాడు. అయిపోయాక కమలం కెమెరాను చేతుల్లోకి తీసుకుని లేచింది.

“అమ్మ కండ్ల కోసం ఎంత ఏడిచినదో మీకు తెలియదు,” అని వెళ్ళిపోయింది.

మిల్లులో ఆమె ఆయనతో మాట్లాడడం మానేసింది. ఆయనా పలకరించబోలేదు. తర్వాతి వేసవి దాటాక ఒకనాడు మిషను దగ్గరికి వచ్చి నిలబడి, ముఖం చూడకుండానే అడిగింది: “తిత్తికి బూజు పడతా ఉంది. ఏమి చేయాల?”

“ఎండలో పెట్టకు. పొడిగుడ్డతో మడత మడతా తుడువు,” అన్నాడు పాండురంగన్.

ఆమె తలూపి రీలింగు వైపు వెళ్ళిపోయింది.