మా తోడల్లుడి చేతులు, నా మూడడుగుల సముద్రం

మా తోడల్లుడి చేతుల గురించి చెప్పాలంటే ముందు నా నోటి గురించి చెప్పుకోవాలి. ఆయన చేతులు ముప్ఫయ్యేళ్ళుగా పైపులు బిగిస్తున్నాయి. నా నోరు అంతకంటే ఎక్కువ కాలంగా పనికిమాలిన మాటలు వదులుతోంది. ఆయన బిగించిన పైపు ఒక్కటీ ఇంతవరకూ కారలేదు. నా నోటి సంగతి మా ఆవిడనడగండి.

నేను బీమా ఆఫీసులో గుమాస్తాని. దారిలో ఎదురైతే ఎవరూ రెండోసారి తిరిగి చూడని మొహం. అందుకేనేమో, ఎనిమిదేళ్ళ కిందట ముందుగదిలో మూడడుగుల గాజు ట్యాంకు పెట్టి, ఉప్పునీళ్ళు నింపి, పగడాలు పెంచడం మొదలుపెట్టాను. మామూలు చేపల్ని ఎవరైనా పెంచుతారు. సముద్రాన్ని పెంచేవాడు మా వీధి మొత్తానికి నేనొక్కణ్ణే! ఇంటికొచ్చిన ప్రతి మనిషినీ దాని ముందు కూర్చోబెట్టి, నీళ్ళలో ఉప్పెంతుండాలో, వేడెంతుండాలో గంటసేపు చెప్పి పంపేవాణ్ణి. కొన్నాళ్ళకి జనం రావడం మానేశారు. ఆఫీసులో నాకు 'సముద్రం' అని పేరు పెట్టారు. అది మెచ్చుకోలనుకుని ఏడాదిపాటు మురిసిపోయాను.

నా ఉపన్యాసం పూర్తిగా విన్నవాడు లోకంలో ఒక్కడే. మా తోడల్లుడు, అంటే మా ఆవిడ అక్క భర్త. నాకంటే పదేళ్ళు పెద్ద, నేను అన్నయ్యా అని పిలుస్తాను. గుమ్మంలో చెప్పులు విడుస్తూనే "ఇవాళ ఉప్పెంతుంది తమ్ముడూ?" అని అడిగేవాడు, ఏదో మా ఇంట్లో మనిషి ఆరోగ్యం అడిగినట్టు. ఆయనకి ఎక్కడైనా నీటిబొట్టు పడుతున్న చప్పుడు వినబడితే కాలు నిలవదు. ఆస్పత్రిలో మా మామగారిని చూడ్డానికి వచ్చి, పలకరించడానికి ముందే బాత్రూములో కారుతున్న కుళాయి బాగుచేసి వచ్చాడు. నర్సు ఆయన్ని ఆస్పత్రి మనిషే అనుకుని ఇంకో రెండు గదులు కూడా చూపించింది. ఆ రెండూ చేసి వచ్చాకే మంచం పక్కన కూర్చున్నాడు.

ఆ చేతులు చూడ్డానికి చెక్కపలకల్లా ఉంటాయి. గోళ్ళ చుట్టూ పైపులు అతికించే జిగురు ఎండి నల్లగా పట్టి ఉంటుంది. అయినా మా ఇళ్ళలో ఏ పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా ముందు ఆయన చేతికే ఇచ్చేవాళ్ళు. ఏం మహిమో గానీ రెండు నిమిషాల్లో ఊరుకునేవాళ్ళు. మా పిల్లలిద్దరూ అలా నిద్రపోయినవాళ్ళే.

రెండేళ్ళ కిందట ఆఫీసువాళ్ళు నన్ను పదిరోజులు వేరే ఊరు పంపారు. ట్యాంకుని ఆయనకి అప్పగించాను, నాలుగు పేజీల సూచనలతో సహా. పాపం, రోజూ పని ముగించుకుని వచ్చి తు.చ. తప్పకుండా అన్నీ చేశాడు. నేను తిరిగొచ్చేసరికి పగడాలు కళకళలాడుతున్నాయి. వాచ్‌మన్ మాత్రం లేడు.

వాచ్‌మన్ అంటే వేలెడంత పసుపుపచ్చ చేప, తోక చివర చిన్న గాటు. ఇసుకలో బొరియ చేసుకుని, దాని గుమ్మంలో తల బయటపెట్టి కాపలా కాస్తుంటాడు. నన్ను చూడగానే ఎదురొచ్చేవాడు మా ఇంట్లో వాడొక్కడే. నేను అన్నయ్యకి ఫోన్ చేసి పోలీసువాడిలా ఆరా తీశాను.

"ఆరో రోజు ఓ రాయి జారింది తమ్ముడూ. చెయ్యిపెట్టి సరిచేశా."

"చేతులు కడుక్కున్నారా?"

"కడుక్కున్నట్టే గుర్తు. ఆ రోజు జిగురు పని చేసొచ్చాను మరి..."

అంతే, నాకు హంతకుడు దొరికిపోయాడు. ఆ ఆదివారం మామగారింట్లో అందరం భోజనాలకి కూర్చున్నప్పుడు, పద్నాలుగు మంది ముందు, గొంతు సవరించుకుని మరీ అన్నాను. "అన్నయ్యా, మీ చేతులు పైపులకే పనికొస్తాయి. ప్రాణమున్నవాటి జోలికి రాకండి." ఆ మాట నాకెంత నచ్చిందంటే మర్నాడు ఆఫీసులో కూడా చెప్పుకున్నాను. ఆయన మాత్రం రెండు అరచేతులూ ఓసారి తిప్పి చూసుకుని, "నిజమేలే తమ్ముడూ" అని అన్నం కలుపుకున్నాడు. ఆ తర్వాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా ట్యాంకు ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. నేను నేర్పిన క్రమశిక్షణ కాబోలు అని లోలోపల గర్వపడ్డాను కూడా. నా తెలివి అలా తగలడింది.

ఈ ఏడాదికి పగడాలు పెరిగి ఒకదాన్నొకటి కుట్టుకోవడం మొదలుపెట్టాయి. చోటు చాలకపోతే వాటికీ గొడవలే. ఐదడుగుల ట్యాంకు తెప్పించాను. దాని కింద నీళ్ళు శుభ్రపడ్డానికి ఇంకో చిన్న ట్యాంకు, రెంటికీ మధ్య పైపులు. పైపులంటే ఇంకెవరు?

"ఏ మొహం పెట్టుకుని పిలుస్తారు మా బావని?" అంది మా ఆవిడ.

"ఆయనేం అనుకోలేదే!"

"అనుకున్నా అనడు. మీలా కాదు."

ఒక్క ఫోనుకి వచ్చాడు. ఆదివారం పొద్దున్న ఏడింటికల్లా పనిముట్ల సంచితో గుమ్మంలో ఉన్నాడు. వెనకాలే వదిన. కొత్త ట్యాంకుని గోడకి మూరెడు దూరంలో పెట్టించాడు, పైపుల పనికి మనిషి వెనక్కి దూరాలట. గది ఇరుకైపోతుందని నేను గొణిగితే వినిపించుకోలేదు. పదింటికి పైపులన్నీ బిగించి, మంచినీళ్ళు పోసి చూపించాడు. ఒక్క చుక్క కారితే ఒట్టు! ఆ నీళ్ళు తోడేసి, ముందురోజు డ్రమ్ముల్లో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు సగం వరకూ నింపాం.

తర్వాతది నా వంతు. గోడకి ఇరవైమూడు అంశాల పథకం అతికించాను. మొదటి అంశం, పాత నీళ్ళు గొట్టంతో టబ్బుల్లోకి లాగడం. గొట్టం నోట్లో పెట్టుకుని గట్టిగా పీల్చాను. ఎనిమిదేళ్ళ చేపల సంసారం మొత్తం గొంతులోకి దిగింది. నేను ఉక్కిరిబిక్కిరై దగ్గుతుంటే ఆయన నవ్వకుండా అడిగాడు.

"ఉప్పు సరిపోయిందా తమ్ముడూ?"

పగడాలు టబ్బుల్లోకి వెళ్ళాయి. రాళ్ళు ఒక్కొక్కటే తీసి కొత్త ట్యాంకులో సర్దాను. చివరికి గోడవైపున్న పెద్ద రాయి మిగిలింది. దాన్ని ఎత్తేసరికి కింద నుంచి పచ్చగా ఏదో జారింది. వంగి చూశాను. వాచ్‌మన్! అప్పటికంటే రెండింతలై, నున్నగా, తోక చివర ఆ పాత గాటుతో సహా.

ఏం జరిగిందో తెలియడానికి నాకు అర నిమిషం కూడా పట్టలేదు. ఊరి నుంచి వచ్చిన రోజున కోపంతో రాళ్ళన్నీ నేనే తిరగేసి సర్దాను. రాయి జారిన బెదురుకి వాడు బొరియలో దాక్కుని ఉంటే, ముందున్న వాడి గుమ్మం మీద రాయి పెట్టింది నేనే. వాడు పోయి వెనకవైపు గుమ్మం పెట్టుకున్నాడు, గోడకి ఎదురుగా. రెండేళ్ళుగా నేను ముందు కూర్చుని లోకానికి పాఠాలు చెబుతున్నాను గానీ, వెనక్కి తొంగిచూడాలని తోచలేదు.

అప్పుడు మనిషన్నవాడు ఏం చేయాలి? నేనేం చేశానో వినండి. మా ఆవిడా, వదినా వంటింట్లో ఉన్నారు. ఆయన వాల్వులు ఇంకోసారి సరిచూస్తూ కొత్త ట్యాంకు కింద తల దూర్చి పడుకుని ఉన్నాడు, కాళ్ళు మాత్రమే బయటికి కనబడుతున్నాయి. ఎవరూ చూడలేదు. గబుక్కున చేపని మగ్గుతో తీసి, చిన్న బకెట్లో వేసి, మూతపెట్టి, కర్టెన్ వెనక దాచేశాను. వారం పోయాక కొత్తది కొన్నానని చెబితే సరి. ఆఫీసులో తప్పుల ఫైళ్ళు దాచిన అనుభవం ఎక్కడికి పోతుంది?

వదిన టీ తెచ్చి, ఫోనులో మూడు నెలల మనవరాలి ఫోటోలు చూపించింది. తేలుకుట్టిన దొంగలా ఉన్నానేమో, ఏదో ఒకటి మాట్లాడాలి కదా అని, "అన్నయ్య ఎత్తుకున్న ఫోటో ఒక్కటీ లేదేం వదినా?" అన్నాను.

ఆవిడ గొంతు తగ్గించింది. "ఎత్తుకుంటే కదా ఫోటో! మూడుసార్లు సబ్బుతో కడుక్కుంటారు. ఉయ్యాల దాకా వెళ్తారు. అక్కడ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిపోతారు. పిల్ల ఏడ్చినా అంతే. 'నావి జిగురు చేతులే, ప్రాణమున్నవాటికి పనికిరావు' అంటారు."

నేను టీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

"ఎవరన్న మాటో మీకూ తెలుసు, నాకూ తెలుసు. పోనీలెండి, టీ చల్లారిపోతోంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

టీ పక్కన పెట్టేశాను. సిగ్గేసింది. ఒట్టి సిగ్గు కాదు, నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలన్నంత. కర్టెన్ వెనక బకెట్లో టపటపమని చప్పుడు. మూత తీశాను.

"అన్నయ్యా, ఓసారి ఇలా రండి."

"వాల్వు బిగిస్తున్నా, ఆగు."

"వాల్వు తర్వాత చూద్దాం. రండి."

చేతులు తుడుచుకుంటూ వచ్చి బకెట్లోకి చూశాడు. చూస్తూనే చేతులు వాటంతటవే వెనక్కి వెళ్ళాయి.

"అచ్చం వాడిలాగే ఉందే! కొత్తది తెచ్చావా?" అన్నాడు.

అబద్ధాన్ని ఆయనే నా చేతిలో పెట్టాడు. అవునంటే అయిపోయేది. అవునని నాలుక చివరి దాకా వచ్చింది కూడా, అబద్ధమెందుకు.

"కాదన్నయ్యా. వాడే. తోక మీద గాటు చూడండి. వెనకరాయి కింద ఉన్నాడు, రెండేళ్ళూ. ముందు దారి మూసేసింది నేను. మీ చేతుల తప్పేం లేదు. ఆ రోజు అంత మంది ముందు నేనన్నది తప్పు. నన్ను క్షమించండి."

ఆయన బకెట్ మీదికి ఇంకాస్త వంగాడు. తర్వాత మెల్లగా, "పాపం, గోడని చూస్తూ కూర్చుందా రెండేళ్ళూ" అన్నాడు.

మా ఆవిడ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా విన్నదని అప్పుడు చూశాను. "రెండేళ్ళు!" అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడ ఇంకేమీ అనకపోవడం మా పెళ్ళయ్యాక అదే మొదలు.

"కొత్తింట్లోకి మీరే దింపండి అన్నయ్యా" అన్నాను.

"నువ్వు వెయ్యవయ్యా."

"నేను వెయ్యను. మీ చేతుల్తోనే దింపాలి."

చేతులు కడుక్కుని వస్తానని వెళ్ళాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది. ఎంతసేపైనా ఆగదు. చుక్క కారితే ఓర్చుకోలేని మనిషి, ధారని అలా వదిలేశాడు. మా ఆవిడ వెళ్ళబోతే వదిన చెయ్యి పట్టుకుని ఆపింది. "కాసేపు ఉండనీ" అంది.

వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నేను చూడనట్టు నటించాను. రెండు చేతులూ బకెట్లో ముంచి, నీళ్ళతో సహా చేపని దోసిట్లోకి తీసుకుని, కొత్త ట్యాంకులోకి మోచేతుల దాకా దించాడు. వాచ్‌మన్ వెంటనే వెళ్ళలేదు. ఆ చెక్కపలకల మధ్య కాసేపు కూర్చుని, ఆ తర్వాత తీరిగ్గా, ఇక్కడ కూడా గోడవైపే పెట్టిన ఆ పెద్ద రాయి కిందికే పోయాడు. నేను గోడకీ ట్యాంకుకీ మధ్య ఉన్న మూరెడు సందులోకి దూరి చూశాను. కనబడుతున్నాడు.

మర్నాడు ఆఫీసులో ఉండగా వదిన ఫోన్ చేసింది.

"మీ అన్నయ్య ఇవాళ పనికి వెళ్ళలేదు. పొద్దున్నుంచీ పిల్లని దించడం లేదు. పాలు పట్టాలి, ఇవ్వండి నాన్నా అని తల్లి అడిగితే, నిద్రపోతోంది, కదపకు అంటున్నారు. మీరైనా ఓ మాట చెప్పండి."

చెప్పనన్నాను. ఆయన చేతుల విషయంలో నేను ఒకసారి మాట్లాడింది చాలు.