లింగన్న వాయిదా వేసిన చేపలవేట

"లింగన్న పోయినాడప్పా" అని కడప నుంచి యాకూబ్ భాయ్ ఫోను చేసినప్పుడు నేను కొట్టు ముందు కుర్చీ వేసుకుంటున్నాను. ఒక ధీరోదాత్తుడు, స్థితప్రజ్ఞుడు, అనన్యసామాన్యమైన కార్యదక్షుడు అస్తమించాడు. ఈ మాటలు వింటే లింగన్నే ముందు నవ్వుతాడు. "గింత పెద్ద మాటలెందుకు తమ్మీ, మేస్త్రీ అను, సాలు" అంటాడు. అననీ. ఈసారి నేనాయన మాట వినను.

గోదావరి ఒడ్డున చేపలు పట్టే ఇంట పుట్టి, తాపీ పట్టుకొని సౌదీకి వచ్చిన మనిషి. అభా కొండల మీద మా కంపెనీ పనిలో ఆయన మేస్త్రీ, నేను టైమ్‌కీపరుని, యాకూబ్ భాయ్ డ్రైవరు. ముగ్గురిదీ ఒకే గది. ఆయన లేపిన గోడ నిలువు చూడటం ఇంజినీరు ఎప్పుడో మానేశాడు. అంత నమ్మకం.

గల్ఫ్ యుద్ధం వచ్చింది, సెలవులన్నీ ఆగిపోయాయి. యుద్ధం ముగిసినా నా ఛుట్టీ కాగితం కదల్లేదు. నేను వచ్చాక ఇంట్లో బిడ్డ పుట్టింది, నడక నేర్చింది, మాటలు కూడా వచ్చాయట. నేను మాత్రం దాని ముఖం ఫోటోలో తప్ప చూడలేదు. పాస్‌పోర్టు కఫీల్, అంటే మమ్మల్ని తెప్పించుకున్న యజమాని, బీరువాలో ఉంది. నేను మొదటినుంచీ కోపిష్టిని. జిద్దాకు పారిపోయి, పోలీసులకు పట్టుబడితే దేశం నుంచి పంపేస్తారు గనక, జైలు మీదుగానైనా సరే ఇల్లు చేరాలని సంచి సర్దుకున్నాను. అప్పటికే అలా వెళ్లిన ఇద్దరు నెలల తరబడి లోపలే ఉన్నారని తెలుసు. తెలిసీ సర్దుకున్నాను.

మంచం కింద సంచి చూశాడు లింగన్న. తిట్టలేదు, బుద్ధులు చెప్పలేదు. "పోతె పో తమ్మీ, నేనేం ఆపుతలేను. గని ఒక్క జుమ్మా ఆగు. చేపలకు పొయ్యొచ్చినంక నీ ఇష్టం" అన్నాడు.

కొండలు దిగి చాలాదూరం పోతే ఎర్రసముద్రం భూమిలోకి చొరబడి వరసగా మడుగులు చేసిన చోటు ఒకటుంది. ఊరు లేదు, దీపం లేదు. అక్కడ మనిషి కాలంత పొడవు, నోటినిండా పళ్లున్న చేప తిరుగుతుందని యాకూబ్ భాయ్ ఎప్పుడో చెప్పాడు. వెయ్యిసార్లు గాలం విసిరితే ఒక్కసారి చూస్తుందట. లింగన్నకు అది చాలు.

ఆ సన్నాహం వర్ణించడానికి నా శక్తి చాలదు. నైలాను దారాన్ని ఆ చేప పుటుక్కున కొరికేస్తుందని, ఇనుపచువ్వలు కట్టే బైండింగు వైరును పేని గాలానికి ముందు ముడివేశాడు. ఎరగా వాడటానికి చెంచాలు సాగగొట్టి, బెజ్జం వేసి, నీళ్ల డ్రమ్ములో లాగి చూశాడు. చిన్నచేపలా తళుక్కుమనే దాకా మళ్లీ మళ్లీ వంచాడు. దారానికి సిమెంటు సంచీ వేలాడదీసి బలం పరీక్షించాడు. ఇవన్నీ నాచేత కాగితం మీద రాయించాడు. రాసింది చదవమనేవాడు, చదివితే మార్చమనేవాడు. "ఏమప్పా, ఈ మనిషి చేపను పట్టేకి పోతాండాడా, దానికి పెండ్లి చేసేకి పోతాండాడా?" అని యాకూబ్ భాయ్ తల పట్టుకునేవాడు.

మొదటి జుమ్మా, అంటే శుక్రవారం, గాలి ఎక్కువన్నాడు. రెండోది చంద్రుడు సరిగా లేడన్నాడు. మూడోవారం కాగితం సంగతి వచ్చింది. ఊరు దాటాలంటే అనుమతి కావాలి. అడగడం నాకొదలక తానే పఠాన్ ఫోర్మన్ దగ్గరికి వెళ్లి "బహర్ జానా హై" అన్నాడు. అరబ్బీలో బహర్ అంటే సముద్రం. ఫోర్మన్ చెవి ఉర్దూ చెవి. బాహర్, అంటే బయటికి, అనుకొని బజారు దాకా వెళ్లిరావడానికి చీటీ రాసిచ్చాడు! క్యాంపంతా పడీపడీ నవ్వింది.

నాకు ఒళ్లు మండిపోయింది. "సముందర్ అంటే అయిపోతుండె గదనే అన్నా!"

"ఏం జెయ్యాలె తమ్మీ, వాని చెవి గంతే. ఇగ ఆ చీటీ మార్చాలంటె కఫీలే రియాద్ నుంచి రావాలె. ఇంకో నాలుగు జుమ్మాలు."

తిట్టుకుంటూనే ఆగాను. గాలాలకు పదును పెడుతూ, పట్టీ తిరగరాస్తూ, ఆ చేప నోరు ఎటునుంచి తెరుస్తుందో అని వాదిస్తూ ఆగాను.

ఎనిమిదో శుక్రవారం తెల్లారి బయల్దేరాం. చెక్‌పోస్టులో సిపాయి ఎక్కడికని అడిగాడు. లింగన్న తల బయటపెట్టి, గొంతు అడుగునుంచి హకారం లాగి, "బహర్" అన్నాడు. అచ్చం అరబ్బువాడు పలికినట్టే పలికాడు. సిపాయి నవ్వి గేటెత్తాడు. నేను లింగన్న ముఖం చూశాను. ఆయన కొండలు చూస్తున్నాడు.

"అన్నా, ఫోర్మన్ దగ్గర కావాలనే గట్లన్నవా?"

"ముందుగాల ఆ గాలాల డబ్బ పట్టుకో" అన్నాడు, అంతే.

సాయంత్రం దాకా విసిరాం. ఒకే ఒక్క చేప చెంచా వెంట ఒడ్డు దాకా వచ్చి, మమ్మల్ని చూసి వెనుదిరిగింది. "సూసినం గద తమ్మీ, సాలు!" అని లింగన్న పసివాడిలా చప్పట్లు కొట్టాడు. మరునాడు నేను సంచి విప్పేశాను. మూడు నెలలకు ఛుట్టీ వచ్చింది. పాస్‌పోర్టు చేతిలో పెట్టుకొని, తలెత్తుకొని విమానం దిగాను. నా బిడ్డ నన్ను చూసి ఏడ్చి తల్లి చాటుకు పారిపోయింది. ఆ ఏడుపు వినే భాగ్యం లింగన్న పెట్టిన భిక్ష.

తర్వాత ఎవరి ఊళ్లో వాళ్లం స్థిరపడ్డాం. పండక్కో పబ్బానికో ఫోను చేసుకునేవాళ్లం. అన్నా, నీవల్ల బతికానని ఒక్కసారీ అనలేదు. సిగ్గేసేది. ఆయన పోయిన పదోరోజున, ఇప్పుడు పెద్దదైన నా బిడ్డను వెంటబెట్టుకొని వాళ్లింటికి వెళ్లాను. నన్ను ఎన్నడూ చూడని వదిన, పేరు చెప్పగానే గుర్తుపట్టింది.

"జిద్దా పోతనన్న తమ్మివి నువ్వేనా? నీ సంచికి గాలం దారం గట్టి, ఆ కొస తన కాలు బొటనవేలికి గట్టుకొని పండుకునెటోడట. నువ్వు సంచి కదిలిస్తె తెలుస్తదని. ఎనిమిది వారాలు గట్లనే పండుకున్నడట."

లింగన్న ఫోటో ముందు నా బిడ్డ సాష్టాంగపడింది, నేను దాని పక్కనే పడ్డాను.