వెనక వచ్చిన సైకిల్ చప్పుడు

నేను భూగర్భ గనిలో ఎలక్ట్రీషియన్‌ని. మనుషులెవరూ లేని చోట టోపీ లైటు ఒక్కటే తోడుగా చేసిన షిఫ్టులు లెక్కలేనన్ని. మూతబడ్డ పనిచోట్ల ఎవరో పేరు పెట్టి పిలుస్తారని తోటివాళ్లు చెప్పుకునేవారు. నవ్వి ఊరుకునేవాణ్ణి. చప్పుడైతే పైకప్పు చూసుకోవాలి గానీ దయ్యాన్ని కాదు అనేవాణ్ణి. గని విషయంలో ఇప్పటికీ నా మాట అదే. నాకు జరిగింది గని బయట, పట్టపగలు.

షుగరు మొదలైందని డాక్టరు వ్యాయామం చెయ్యమన్నాడు. గోదావరిఖనిలో పొద్దున్నే సైకిళ్లు తొక్కే గుంపును చూసి నాకూ మనసైంది. కార్బన్ ఫైబర్ రోడ్ సైకిల్ కొత్తది కొనే స్తోమత లేదు. నస్పూర్‌లో ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు తనది అమ్ముతున్నారని తెలిసి వెళ్లాను. ఉద్యోగం కోసం కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి. నల్లటి సైకిల్, రెండు వేళ్లతో లేపొచ్చు. తిప్పి తిప్పి చూశాను, ఎక్కడా గీత కూడా లేదు.

ఆ సైకిల్ పోతుండగా తొక్కడం ఆపితే వెనక చక్రం కిర్రుమంటుంది. తొక్కుతున్నంతసేపూ చప్పుడుండదు. ఆ రకం సైకిళ్లన్నీ అంతే.

మొదటి వారంలోనే, నేను తొక్కుతుండగా వెనక నుంచి ఆ కిర్రు వినిపించింది. ఎవరో వస్తున్నారనుకుని తిరిగి చూస్తే రోడ్డు ఖాళీ. మర్నాడూ అంతే. ఆగితే ఆగేది, కదిలితే కాసేపటికి మళ్లీ మొదలయ్యేది. భయమేమీ వెయ్యలేదు. గాలి అనుకున్నాను.

నా భార్య సరితకు చెబితే, "చెవులల్ల బొగ్గు జొచ్చిందేమో, జల్ది దవాఖానల సూపిచ్చుకో" అంది. చూపించుకున్నాను. చెవులు బాగానే ఉన్నాయన్నారు.

ఒక ఆదివారం ఉదయం రైల్వే వంతెన ఎక్కాను. అవతల పెద్ద దిగుడు. బొగ్గు లారీలు తిరిగే దారి. దిగుడు మొదలయ్యే చోట, వెనకున్న ఆ చప్పుడు నా కుడి పక్కకు వచ్చింది. అంతవరకు ఎన్నడూ అంత దగ్గరకు రాలేదు. పక్కనుంచి దాటి, నాకు అడ్డంగా ముందుకు మళ్లినట్టు వినిపించింది. గుద్దుకుంటానని బ్రేకులు పట్టి ఎడమ పక్క మట్టిలోకి దిగాను.

నడక వేగానికి వచ్చానో లేదో, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు పుటుక్కున విరిగింది. మట్టిలో పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే.

నా వెనక వస్తున్న లారీ డ్రైవరు బండి ఆపి పరుగెత్తుకొచ్చాడు. నన్ను లేపి రోడ్డు వైపు చూశాడు.

"ఏమైందన్నా? ఒక్కనివే ఉన్నవ్. ఎవలకు తొవ్వ ఇచ్చినవ్?"

వంగి, విరిగిన ముక్క ఏరుకున్నాను.

కరీంనగర్‌లో సైకిళ్లు బాగుచేసే అతను విరిగిన ముక్కను వెలుతురులో పెట్టి చూశాడు. పగులు లోపలి వైపు, పాతది. బయటికి కనబడేది కాదు. "దిగుడుల జోరు మీద ఇరిగితే బతికెటోనివి కాదన్నా" అన్నాడు.

ఇంటికొచ్చి ఇంజనీరు గారికి ఫోన్ చేశాను. ఫోర్కు సంగతి వినగానే ఆయన కంగారుపడ్డారు. పగులు ఉన్నట్టు తనకు తెలియదని మళ్లీ మళ్లీ చెప్పారు. నమ్మాను.

"ఇంకో మాట సార్. తొక్కుతుంటె చప్పుడు..."

"వెనకాల నుంచేనా అండీ?" అన్నారు, నన్ను పూర్తి చెయ్యనివ్వకుండా.

జరిగింది చెప్పాను.

"ముందుకొచ్చిందా? నాకెప్పుడూ వెనకాలే ఉండేదండీ. చెవి జబ్బనుకుని డాక్టర్ల చుట్టూ తిరిగాను. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. చివరికి సైకిలే వదిలేశాను."

ఫోర్కు మార్పించి ఇప్పటికీ అదే సైకిల్ తొక్కుతున్నాను. ఆ చప్పుడు మళ్లీ రాలేదు. పగిలిన ఫోర్కే చప్పుడు చేసిందనుకుందామంటే, అది ముందుండేది. చప్పుడు వచ్చింది వెనక నుంచి. చాలా రకాలుగా ఆలోచించాను, ఏదీ అతకడం లేదు.

"ఎవలైతేంది, మనిషిని దక్కిచ్చిండు. గాడ ఓ దండం పెట్టు" అంటుంది సరిత.

ఎవరికని పెట్టను? పెట్టను. కానీ ఆ దిగుడు దగ్గరికి రాగానే వేగం తగ్గించి, కుడి పక్కన ఒక సైకిల్ పట్టేంత చోటు వదిలి దిగుతాను.