మోటారు గదిలో చదువు

నిన్న మాట్టుతావణి బస్టాండులో ఒకమ్మాయి సంచి మీద కూర్చుని పుస్తకం చదువుతోంది. తల్లి ఎన్నిసార్లు పిలిచినా తలెత్తలేదు. పదిహేనేళ్ల వయసులో, అన్నూరు దగ్గర మా తోటలో, నేనూ అంతే. మీకూ గుర్తుందా ఆ చిరాకు? పుస్తకం తెరవగానే ఇంట్లో అందరికీ మనతోనే పని పడేది. ఆవుకు నీళ్లు పెట్టు, తమ్ముణ్ణి చూడు, అవ్వకు వక్క తెచ్చివ్వు.

ఒక మధ్యాహ్నం వేగలేక, అరటి చెట్ల మధ్య నుంచి పరుగెత్తి, బురద అంటిన చెప్పులు బావి గట్టు మీద వదిలేసి, పక్కనున్న మోటారు గదిలో దూరి తలుపేసుకున్నాను. లోపలంతా ఉక్క, నూనె వాసన. మోటారు మోతకు ఎవరి పిలుపూ వినపడదు. నాకు కావలసిందీ అదే.

కరెంటు పోయి మోటారు ఆగాక అమ్మ ఏడుపు వినిపించింది. తలుపు తీస్తే, నాయన బావి మెట్లెక్కి పైకి వస్తున్నాడు. ఒళ్లంతా తడి. గట్టు మీద నా చెప్పులు చూసి, నేను పడిపోయాననుకుని దూకాడట. నన్ను చూడగానే మెట్టు మీదే కూలబడ్డాడు.

"యాడుంటివి కన్నూ?"

"లోపలే నాయనా. సదువుతా ఉంటిని."

"సచ్చిపోయినావనుకుంటిమి గదే పాపా," అంటూ అమ్మ చెయ్యెత్తింది.

నాయన లేచి ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఉండనీ. సదువుకుండేది తప్పా?" అన్నాడు.

మర్నాడు ఇంట్లో కుదురుగా ఉండలేక మళ్లీ అటే వెళ్లాను. మోటారు గది తలుపు నాయన ఊడదీసేశాడు. లోపల మాత్రం నా కోసం నులక మంచం వేసి ఉంది.