మాట మోసిన పెద్దమ్మ

మొన్న ఆదివారం పొద్దున కరీంనగర్‌లో పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుతూ కూర్చున్నప్పుడు అవ్వ, మా అమ్మ, ఫోన్ చేసింది. ఎప్పుడూ "తిన్నవా బిడ్డా" అని మొదలుపెట్టే మనిషి ఆ రోజు ఆ మాట అనలేదు. "పెద్దమ్మ పోయింది. పొద్దెక్కినా తలుపు తియ్యకపోతే పోయి చూసిన. లేవలే" అంది. ఏ పెద్దమ్మ అని నేను అడగలేదు. నాకు సొంత పెద్దమ్మలు ఇద్దరున్నారు. కానీ ముందు ఊరి పేరు చేర్చకుండా ఉత్త పెద్దమ్మ అంటే మా ఇంట్లో ఒక్కరే, చెన్నూరులో మా పక్కింటి మనిషి.

చుట్టరికం ఏమీ లేదు. ఆమె ఇంద్రావతి అవతల, అడవిలోని కోయ గూడెంలో పుట్టింది. కట్టెల డిపోలో పనిచేసే భర్త వెంట చెన్నూరు వచ్చింది. పిల్లలు పుట్టకముందే ఆయన పోయాడు. ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే చేసింది. పని మానేసినా చేతికి కొలత మారలేదు. ఒక్కతే ఉండి పెద్ద గంజెడు అన్నం వండేది. మిగిలింది మా ఇంటికన్నా రావాలి, బస్టాండులో ఎవరికన్నా పోవాలి. గడపలోకి కొత్తవాళ్లెవరొచ్చినా పేరు అడగకముందే చెంబుతో నీళ్లిచ్చేది. "దూపగొన్నోనికి పేరు యాదికుండది" అనేది.

మాతో మా లెక్కనే మాట్లాడేది. కోపమొస్తే మాత్రం కోయ మాటలోకి పోయేది. అది మా వాడకట్టులో ఎవరికీ రాదు కనుక ఆమె తిట్లు మాకు ఎన్నడూ తగల్లేదు.

నేను కాలేజీకి వచ్చేసరికి అవతలి అడవిలో తుపాకులు ఆగడం లేదు. ప్రాణహిత దాటితే మహారాష్ట్ర, ఇంకా పోయి ఇంద్రావతి దాటితే ఛత్తీస్‌గఢ్. అక్కడినుంచి గుంపులు గుంపులుగా జనం నడిచి రావడం మొదలైంది. మనవాళ్లు వాళ్లను గొత్తికోయలన్నారు. ఊరికి దూరంగా, అడవి లోపల, ఆకులూ కొమ్మలతో గుడిసెలు వేసుకున్నారు. ఎందుకొచ్చారో మాకు పెద్దమ్మే చెప్పింది. "ఒకనాడు అన్నలొచ్చి బువ్వ పెట్టమంటరట. పెడితే తెల్లారి బలగాలొచ్చి ఎందుకు పెట్టిండ్రని కొడతరట. పెట్టకుంటే అన్నలు కొడతరట. ఇగ ఎవలకూ బువ్వ పెట్టే పని లేకుంట ఊరే ఇడిసిపెట్టిండ్రు."

ఒకసారి వాళ్లలో ఒకామె కడుపునొప్పితో ఆసుపత్రికి వచ్చింది. ఆమె మాట డాక్టరుకు రాదు, డాక్టరు మాట ఆమెకు రాదు. ఎవరో వచ్చి పెద్దమ్మను పిలుచుకుపోయారు. ఆ రోజునుంచి వాళ్లకు ఏ అవసరమొచ్చినా ఈమె వెళ్లాల్సిందే. ఎదుటివాళ్లు చెప్పింది పూర్తిగా వినేది. కళ్లు మూసుకునేది, పెదవులు కదిలేవి, ఆ తర్వాతే చెప్పేది. అదీ "నాకు కడుపుల పిండినట్టయితుంది" అని తనకే అయినట్టు. డాక్టరు మొదటిసారి ఈమెనే పడుకోబెట్టబోయాడట. అట్లా ఎందుకు చెబుతావని నేను నవ్వుతూ అడిగితే ఆమె నవ్వలేదు. "ఎవల నొప్పి వాళ్ల లెక్కనే చెప్పాలె బిడ్డా. 'ఆమెకు నొస్తుందట' అంటే నొప్పి సగమైపోతది."

కొన్నాళ్లకు ఒక సహాయ సంస్థ తరఫున పట్నంనుంచి ఒక సారు వచ్చాడు. బియ్యం, దుప్పట్లు, మందులు పంచేవాడు. మనిషి మెత్తన. పెద్దమ్మను అమ్మా అని పిలిచేవాడు. ఆమె ఇంట్లో పీట మీద కూర్చుని జొన్నరొట్టె తినేవాడు. అతని మంచితనం చూసి మా వాడకట్టంతా కదిలింది. బాపు తన దుకాణంనుంచి ఉప్పు, పప్పు ఇచ్చాడు. అవ్వ ఇంటింటికీ తిరిగి మంచి చీరలు పోగేసింది. మేం కూడా ఏదో మేలు చేస్తున్నామని మురిసిన రోజులవి.

ఎండాకాలం సెలవులకు నేను ఇంట్లో ఉన్నప్పుడు, సారు మా అరుగు మీదే పెద్దమ్మతో ఆ ముచ్చట తెచ్చాడు. అడవిలోకి బండ్లు పోవడం లేదు, అందరినీ రోడ్డు పక్క మైదానంలోకి రమ్మనండి, పిల్లలకు టీకాలు వేస్తాం, వానాకాలానికి బియ్యం, తార్పాలిన్లు ఇస్తాం అన్నాడు.

పెద్దమ్మ వెంటనే ఒప్పుకోలేదు. "సారూ, వాళ్లు రోడ్డు మీదికి రావాలంటే భయపడుతుండ్రు. వచ్చినంక ఎనుకకు తోలరు గద?"

"నేనుండగా ఎలా తోలతారమ్మా? నా మీద మీకు నమ్మకం లేదా?"

"నాకుంటె సరిపోదు బిడ్డా. నేను పోయి ఆడ చెప్పాలె."

"నా మాటగా చెప్పండి" అన్నాడు ఆమె చేయి పట్టుకుని.

మర్నాడు పెద్దమ్మ అడవిలోకి పోయింది. పొద్దుగూకాక అలసిపోయి వచ్చి అవ్వతో చెప్పింది. వాళ్లు ఒక పట్టాన వినలేదట. చివరికి ఒక ముసలాయన, ఈ మాట ఆ సారుదా నీదా అని అడిగాడట. "నాదే అని చెప్పిన. గట్లనకుంటె వాళ్లు లేవరు" అంది పెద్దమ్మ. అందులో తప్పుపట్టడానికి అవ్వకు ఏమీ కనపడలేదు అప్పుడు.

పంపకం ముందురోజు సాయంత్రం సారు వచ్చాడు. నీళ్లు తాగాడు. "రేపు మీరు రావద్దమ్మా. ఎండ బాగా ఉంది. ఇంట్లోనే ఉండండి" అని చెప్పి వెళ్లాడు. కన్నకొడుకు కూడా ఇట్ల చూసుకోడని పెద్దమ్మ మురిసిపోయింది.

కానీ తెల్లవారాక ఇంట్లో ఆగలేకపోయింది. సూది చూసి పిల్లలు ఏడుస్తారు, తెలిసిన మొఖం ఒక్కటన్నా ఉండాలె అని నన్ను స్కూటీ తియ్యమంది. మేం వెళ్లేసరికి మైదానంలో షామియానా కింద జనం వరసగా కూర్చుని ఉన్నారు. అవ్వ పోగేసిన చీరలు ఒక బల్ల మీద మడత పెట్టి ఉన్నాయి. పెద్దమ్మను చూసి పిల్లలు లేచి చుట్టుకున్నారు. ఆమె ఒకణ్ని ఎత్తుకుంది.

ముందు ఎవరో ఒక స్త్రీ అడవి వైపు చూపించింది. చెట్ల మీద పొగ లేస్తోంది. గుడిసెలున్న దిక్కు. జనం లేచి నిలబడేలోపు లారీలు వచ్చి మైదానం చుట్టూ ఆగాయి. ఖాకీ బట్టల్లో లాఠీలు పట్టుకున్నవాళ్లు దిగారు. ఎవరినీ కొట్టలేదు. కొట్టే అవసరం రాలేదు. చేతుల్లో బియ్యం సంచులున్నవాళ్లు పరుగెత్తలేరు. అది కూడా ఎవరో ఆలోచించే ఉంటారని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్దమ్మ చంకలోని పిల్లవాణ్ని ఎవరో లాక్కుని తల్లి వెంట ఎక్కించారు.

సారు షామియానా చివర ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు. పెద్దమ్మ దగ్గరికి పోయింది. నేను వెనకే ఉన్నాను.

"ఏంది సారూ ఇది?"

"పైనుంచి ఆర్డరు వచ్చిందమ్మా. నా చేతుల్లో ఏమీ లేదు." చిరాగ్గా కూడా కాదు, బాధగానే అన్నాడు. "మిమ్మల్ని రావద్దన్నాను కదా."

ఆ మాటతో పెద్దమ్మకు అర్థమైంది. అతనికి నిన్ననే తెలుసు. ఆమె ఇంట్లో నీళ్లు తాగుతున్నప్పుడు తెలుసు.

లారీ కదులుతుండగా పైనుంచి ఒక స్త్రీ, అంతకుముందు పెద్దమ్మ చంకలో ఉన్న పిల్లవాడి తల్లి, వంగి ఒకే ఒక్క మాట అంది. అరవలేదు. పెద్దమ్మ ముఖం మాడిపోయింది. ఏమందని అడిగితే చెప్పలేదు. చాలా ఏళ్ల తర్వాత, చిక్కుడుకాయలు తుంచుతూ, నేను అడక్కుండానే చెప్పింది. "మన కోయ మాటల గూడ అబద్ధం చెప్పొచ్చని మాకు తెల్వకుండె అన్నది."

వాళ్లను నది అవతల దింపేశారు. మైదానంలో మిగిలిన చీరలను ఎవరో మళ్లీ మా ఇంటికే చేర్చారు. అవ్వ వాటిని ఎవరికీ ఇవ్వలేకపోయింది, కట్టుకోలేకపోయింది. వలలో మా దారాలు కూడా ఉన్నాయని మాకు తెలిసిన రోజది. కొన్నాళ్లు వాడకట్టులో అందరం సారును తిట్టాం. తర్వాత ఎవరి పనుల్లో వాళ్లం పడ్డాం. పెద్దమ్మకు అట్లా మరిచిపోయే వీలు లేకపోయింది. మాట ఆమెది గదా.

ఆ తర్వాత ఏ ఆఫీసువాళ్లు పిలిచినా పోలేదు. ఆసుపత్రి ఒక్కటే మినహాయింపు. సారు మాత్రం కొన్నేళ్లకు మళ్లీ వచ్చాడు, ఈసారి పెద్ద కారులో. కొత్తగా ఇంకో గుంపు వచ్చింది, మీరు తప్ప ఎవరూ మాట్లాడలేరు అన్నాడు. పెద్దమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. ఆ అలవాటు అతని కోసమని మానలేదు. తాగేదాకా ఆగి, "నువ్వు తెచ్చిన బియ్యం మంచియే సారూ. మాటకే పురుగు పట్టింది" అని లోపలికి పోయింది.

అప్పుడు లారీల్లో తోలేసిన ఆ జనం మిరపకాయలు ఏరే పనికి గోదావరి అవతలి తోటలకు వస్తున్నారని ఎవరి ద్వారానో తెలిసింది. పెద్దమ్మ బస్సెక్కి వెళ్లింది. ఆమెను చూడగానే వాళ్లు వీపులు తిప్పారట. తోట గట్టు మీద నీళ్ల క్యాను పెట్టి, సాయంత్రందాకా కూర్చుని, నిండు క్యానుతోనే తిరిగొచ్చింది. మళ్లీ వెళ్లింది. మరుసటి ఏడు మిరప కాలంలోనూ వెళ్లింది. "తాగలే" అనేది గేటు తీస్తూ. ఎందుకు పోతవు పెద్దమ్మా, తప్పు నీది కాదు గదా అని నేను ఒకసారి విసుక్కున్నాను. "తప్పెవలిదని వాళ్లకు చెప్పనీకి పోతలేను. వాళ్ల ముందట పడకుంట తప్పించుకు తిరుగుడు నాతోని కాదు" అంది.

ఒక ఏడు, లారీమీంచి ఆ మాట అన్న తల్లి కొడుకుకు జ్వరమొచ్చి ఫిట్స్ వచ్చాయి. తోటలో వాళ్ల మాటా డాక్టరు మాటా రెండూ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. ఆ తల్లి తనంతట తానే గట్టు దగ్గరికి వచ్చిందట. నేను చెప్పిందే చెప్పు, నీది ఒక్క మాట కలపకు అందట. పెద్దమ్మ సరేనంది. ఆసుపత్రిలో డాక్టరు ముందు నిలబడి, కళ్లు మూసుకుని, పిల్లలు లేని మా పెద్దమ్మ "నా కొడుకును బతికియ్యుండ్రి" అని చెప్పింది. పిల్లవాడు బతికాడు.

మళ్లీసారి వెళ్లినప్పుడు ఆ తల్లి క్యానులో నీళ్లు వంచుకుని తాగింది. ఆ సంగతి విని నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఇంక వాళ్లు నిన్ను మాఫ్ చేసినట్టే అన్నాను. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. "దూపైంది, తాగింది. నువ్వు దాంట్ల ఇంకోటి కలపకు."

సారు ఇప్పుడు పెద్ద హోదాలో ఉన్నాడని విన్నాను. సభల్లో నిర్వాసితుల గురించి బాగా మాట్లాడతాడట. మోసం చేసినవాడి మాటకు విలువ పెరుగుతూ పోయింది. మోసపోయిన మనిషి బతికినన్నాళ్లూ ఆ మాట బరువు మోసుకుంటూ బస్సుల్లో తిరిగింది. దీన్ని ఎట్లా సర్దుకోవాలో నాకు తెలియదు. సర్దుకోవాలని కూడా లేదు.

అవ్వ ఫోన్ పెట్టేశాక బయలుదేరి మధ్యాహ్నానికి చెన్నూరు చేరాను. పెద్దమ్మను వాకిట్లో పడుకోబెట్టారు. హాస్టల్లో ఆమె చేతి అన్నం తిన్న ఆడపిల్లలు, ఇప్పుడు పిల్లల తల్లులు, చాలామంది వచ్చారు. ఇక పాడె మీదికి లేపుదామనుకుంటుండగా వాడ చివర ఆటో ఆగింది. వేళ్లకు మిరప ఎరుపు వదలని నలుగురైదుగురు దిగారు. ముందున్నది ఆ తల్లే. ఎవరు కబురు చేశారో నాకు తెలియదు.

జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆమె వచ్చి పెద్దమ్మ తల దగ్గర గొంతుక్కూర్చుంది. ఏడవలేదు. మాట్లాడటం మొదలుపెట్టింది, తమ మాటలో, మెల్లగా. మధ్యలో ఒకచోట ఆగింది, ఏదో అడిగినట్టు. మళ్లీ చెప్పింది. చాలాసేపు చెప్పింది. తిట్టిందో, దీవించిందో, లెక్క తేల్చిందో మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. వాకిలంతా కదలకుండా విన్నాం. ఆమె ముగించి లేచి నిలబడ్డాక, ఏమన్నదో చెబుతుందన్నట్టు, అలవాటుకొద్దీ అందరం పెద్దమ్మ ముఖం వైపే చూశాం.